వెనక చక్రం కుడివైపే ముందు ఎందుకు పోతుంది?

గేర్ల సైకిల్ కొని ఏడాది దాటింది. ఊరి బయట మట్టి దారుల్లో, గుట్టల మీద హాయిగా తిప్పుతున్నారు. ఈమధ్య ఎత్తు ఎక్కుతుంటే వెనక నుంచి టక్కుమని చప్పుడొస్తోంది. రింగు ఒక పక్కకి జరిగి బ్రేకు రబ్బరుకి రాసుకుంటోంది. షాపుకి తీసుకెళ్తే నట్లు బిగించి, నాలుగు నూనె చుక్కలు వేసి పంపారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే చప్పుడు. మీకూ ఇలాగే జరుగుతోందా?

జరుగుతుంటే కంగారు పడకండి. చవక మౌంటెన్ బైకుల్లో వెనక హబ్‌ తొందరగా అలసిపోవడం మామూలే. హబ్ అంటే స్పోకులన్నీ వచ్చి కలిసే ఆ నడిమి డొల్ల, దాని లోపలి ఇరుసు, బేరింగులు. చాలాసార్లు చెడేది హబ్ మొత్తం కాదు, దాని కుడివైపు. ఆ వైపు ఏముంది, దాని మీద ఎంత భారం పడుతుంది, అది చెడబోయే ముందు ఏం సూచనలిస్తుంది అన్నవి తెలిస్తే, తక్కువ ధర హబ్‌ని కూడా ఏళ్ల తరబడి నడిపించుకోవచ్చు. ఇందుకు మెకానిక్ కానక్కర్లేదు. నెలకి పది నిమిషాలు, ఏడాదికి రెండు పూటలు కేటాయిస్తే చాలు.

కుడివైపు పడే భారం ఎంత?

70 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ పెడల్ మీద నిలబడ్డాడనుకుందాం. పెడల్‌ని మోసే క్రాంక్ పొడవు 170 మిల్లీమీటర్లు. అక్కడ పుట్టే తిప్పే బలం (టార్క్) సుమారు 117 న్యూటన్ మీటర్లు. ముందు 24 పళ్ల చిన్న చక్రం మీద చైన్ ఉంటే, ఆ క్షణాన చైన్ మీద పడే లాగుడు దాదాపు 245 కిలోల బరువుతో సమానం. అంటే రెండున్నర క్వింటాళ్లు! చైన్ ఉన్నది కుడివైపు కాబట్టి ఆ లాగుడులో పెద్ద వాటా ఇరుసు కుడి కొసే మోయాలి. దానికి తోడు మనిషి బరువు, గతుకుల దెబ్బలు.

18, 21 గేర్ల సైకిళ్లలో చాలావాటికి వెనక ఫ్రీవీల్ ఉంటుంది. పళ్ల చక్రాలూ, వాటిని ఒకవైపే పట్టుకునేలా చేసే యంత్రాంగమూ కలిసిన ఒకే ముద్ద అది. దాన్ని హబ్ మీది మరలకి తిప్పి బిగిస్తారు. దానికి చోటివ్వడం కోసం కుడి బేరింగుని హబ్ లోపలికి జరపాల్సి వచ్చింది. బేరింగు నుంచి ఫ్రేమ్ దాకా ఇరుసు ముక్క ఏ ఆసరా లేకుండా మిగిలిపోయింది. వెనక పళ్ల చక్రాలు 5 ఉన్న రోజుల్లో ఆ ముక్క చిన్నది. 6, 7 చక్రాలయ్యేసరికి పొడవు పెరిగింది. నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే నడిచిపోగలం, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే భుజం లాగేస్తుంది. ఇరుసు పరిస్థితి ఆ చాచిన చెయ్యిదే.

ఇరుసు మందం 10 మిల్లీమీటర్లు. కానీ దాని పొడవునా మరలు చెక్కి ఉంటాయి. మరల లోతు దగ్గర మిగిలే మందం 8.8 మిల్లీమీటర్లకి దగ్గర. వంపుకి తట్టుకునే బలం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ కాస్త లోతుకే మూడో వంతు బలం పోతుంది. పగులు మొదలయ్యేదీ ఆ మరల అడుగునే.

ఈ చిక్కుకి మంచి పరిష్కారం పాతదే. 1978లో జపాన్ సంస్థ షిమానో తన డ్యూరా ఏస్ శ్రేణిలో ఫ్రీహబ్ తెచ్చింది. ఒకవైపే పట్టుకునే యంత్రాంగాన్ని హబ్‌లోనే భాగం చేసి, కుడి బేరింగుని బయటికి, ఫ్రేమ్ దగ్గరికి జరిపారు. పళ్ల చక్రాలు మాత్రం క్యాసెట్‌గా విడిగా ఎక్కుతాయి. ఆసరా లేని ముక్క బాగా తగ్గిపోయింది, ఇరుసులు వంగడమూ తగ్గింది. అమెరికాలోని మసాచుసెట్స్‌కి చెందిన పేరున్న సైకిల్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ (1944–2008) ఫ్రీవీల్ హబ్‌ల ఇరుసులు ఎందుకు విరుగుతాయో తన వ్యాసాల్లో వివరించారు. ఆయన చూపించిన కారణమూ ఆసరా లేని ఆ ఇరుసు ముక్కే. అయినా ఫ్రీవీల్ తయారీ చవక. అందుకే తక్కువ ధర సైకిళ్లలో అది నేటికీ వస్తోంది.

మీ సైకిల్‌కి ఉన్నది ఏది?

ఏ మరమ్మతుకైనా ముందు ఇది తేల్చుకోవాలి. మూడు గుర్తులు చూడండి.

1. గేర్ల సంఖ్య. ముందు 3, వెనక 6 లేదా 7 ఉంటే చాలామటుకు ఫ్రీవీలే. వెనక 8 ఉంటే క్యాసెట్ అయ్యే అవకాశం ఎక్కువ. కానీ 8 చక్రాల ఫ్రీవీళ్లూ ఉన్నాయి. ఇరుసుకి అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం వాటితోనే.

2. అన్నిటికంటే చిన్న చక్రానికి పళ్లు లెక్కపెట్టండి. 14 ఉంటే సాధారణంగా ఫ్రీవీల్. 11 లేదా 12 ఉంటే సాధారణంగా క్యాసెట్.

3. చక్రం విప్పి, పళ్ల చక్రాలని వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ పట్టే గాళ్లు కనిపిస్తాయి కదా. పళ్లతో పాటు అవీ తిరిగితే క్యాసెట్. అవి నిలకడగా ఉండి పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. మొదటి రెండు గుర్తుల కన్నా దీన్నే నమ్మండి.

చెడిపోయే ముందు కనిపించే సూచనలు

హబ్ ఒక్క రోజులో పోదు. వారాల తరబడి ఏదో ఒక తేడా చూపిస్తూనే ఉంటుంది. వీటిలో మీ సైకిల్లో ఏమున్నాయి?

1. చక్రం అటూ ఇటూ ఆడటం. రింగు పట్టుకుని పక్కలకి ఊపితే హబ్ దగ్గర లూజు తెలుస్తుంది. ఇరుసు మీద ఉండి బేరింగు గోళీలని పట్టి ఉంచే కోన్లు వదులయ్యాయి, లేదా అరిగాయి.

2. గరగర. చక్రాన్ని గాల్లో తిప్పి, సీటు కింది గొట్టం మీద చెయ్యి పెట్టండి. ఇసుక రుద్దుతున్నట్టు చేతికి తెలిస్తే లోపల గ్రీజు అయిపోయిందని, లేదా గోళీలు నడిచే దారిలో గుంటలు పడ్డాయని అర్థం.

3. నిలబడి తొక్కినప్పుడు మాత్రమే రింగు బ్రేకుకి రాసుకోవడం. ఇరుసు వంగిందని అనుమానించండి. విరిగి ఉండే అవకాశమూ ఉంది.

4. గేర్లు ఎంత సరిచేసినా కుదరకపోవడం. ఇరుసు వంగితే పళ్ల చక్రాలన్నీ తమ చోటు నుంచి కదులుతాయి. గేర్ కేబుల్‌ని ఎంత తిప్పినా ఉపయోగం ఉండదు.

5. పెడల్ జారిపోవడం. బలంగా తొక్కగానే కాలు ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన సూచన ఇదే. నిలబడి తొక్కుతుండగా జరిగితే మనిషి హ్యాండిల్ మీదికి పడతాడు.

నట్లకి బదులు లివర్‌తో బిగించే క్విక్ రిలీజ్ ఉన్న చక్రాల్లో మూడో సూచనని ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాటి ఇరుసు బోలుగా ఉంటుంది, మధ్యలోంచి సన్నని కడ్డీ వెళ్తుంది. ఇరుసు రెండు ముక్కలైనా ఆ కడ్డీ బిగువు వాటిని కలిపి పట్టుకుంటుంది. సైకిల్ నడుస్తూనే ఉంటుంది. చక్రం విప్పినప్పుడు సగం ఇరుసు చేతిలోకి ఊడి వస్తేనే సంగతి బయటపడుతుంది. అందుకే అనుమానం ఉంటే ఆగకుండా విప్పి చూడాలి.

నెలకోసారి పది నిమిషాల పరీక్ష

చక్రాన్ని ఫ్రేమ్ నుంచి విప్పండి. ఇరుసు రెండు కొసలనీ వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. మెత్తగా తిరగాలి. ఎక్కడా పట్టకూడదు, గరగర రాకూడదు.

తరువాత కుడి కొస మీద కన్నుంచి మళ్లీ తిప్పండి. కొస ఒకే చోట నిలిచి తిరిగితే ఇరుసు తిన్నగా ఉంది. గాల్లో చిన్న సున్నా చుడుతుంటే వంగింది. వంగిన ఇరుసుని సుత్తితో కొట్టి సాపు చేయించడానికి ఒప్పుకోకండి. ఒకసారి వంగిన ఉక్కు మరల అడుగున పగులు దాచుకుని ఉండవచ్చు. కొత్త ఇరుసు వెయ్యడమే మార్గం. వేసేటప్పుడు క్రోమోలీ ఉక్కుతో చేసినది దొరుకుతుందేమో అడగండి. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది, వంగకుండా నిలిచే గుణం మాత్రం ఎక్కువ.

ఒక సందర్భం చూడండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో వారం వారం తిరిగే ఒక డిగ్రీ కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఆరు నెలల్లో రెండు ఇరుసులు విరిగాయి. రెండుసార్లూ కొత్తవి వేయించాడు. మూడోసారి ఏం చెయ్యాలి? ఇరుసు సంగతి పక్కనపెట్టి ఫ్రేమ్ వైపు చూడాలి. ఇరుసు కూర్చునే రెండు చీలికలూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే, నట్లు బిగించిన ప్రతిసారీ ఇరుసు మీద వంపు పడుతుంది. అలాంటి ఫ్రేమ్‌లో ఎంత మంచి ఇరుసు వేసినా నిలవదు. ఉక్కు ఫ్రేమ్ అయితే మంచి మెకానిక్ ఆ చీలికలని సరిచేయగలడు. అల్యూమినియం ఫ్రేమ్‌ని వంచి సరిచేయబోతే పగిలే ప్రమాదం ఉంది.

ఏడాదికి రెండుసార్లు: గ్రీజు మార్చడం

మౌంటెన్ బైకింగ్ చరిత్రలో మొట్టమొదటి పేరున్న పోటీ వెనక కూడా వెనక హబ్ కథే ఉంది. 1976 అక్టోబర్ 21న కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండ మీది నుంచి కొందరు మిత్రులు ష్విన్ కంపెనీ పాత సైకిళ్ల మీద కిందికి పోటీపడి దూసుకొచ్చారు. వాటికి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు, అదీ వెనక హబ్ లోపలే. మూడు కిలోమీటర్లకి పైగా సాగే ఆ దిగుడులో హబ్ వేడెక్కి గ్రీజు పొగై పోయేది. దిగిన ప్రతిసారీ హబ్ విప్పి గ్రీజు మళ్లీ నింపాల్సి వచ్చేది. అందువల్లే ఆ పోటీకి రీప్యాక్ అనే పేరు స్థిరపడింది. నేటి హబ్‌లకి అంత అవసరం లేదు. కానీ వానాకాలం బురదలో, వాగుల్లో తిరిగే సైకిల్‌కి గ్రీజు మార్చకుండా ఏళ్లు గడిపితే లోపల మిగిలేది తుప్పే.

తొలకరికి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి ఈ పని పెట్టుకోండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవారు అస్సలు వాయిదా వెయ్యకూడదు. ఫ్రీవీల్ హబ్‌కి పని ఇలా సాగుతుంది.

1. ఫ్రీవీల్ తీయండి. దాని గాళ్లకి సరిపోయే టూల్ ఉండాలి. షిమానో ఫ్రీవీళ్లలో చాలావాటికి 12 గాళ్ల టూల్ పడుతుంది. టూల్ జారకుండా ఇరుసు నట్టుతో దాన్ని తేలిగ్గా పట్టించి, పెద్ద పానాతో అపసవ్య దిశలో తిప్పండి. తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ ఇంకాస్త బిగుస్తూ వచ్చింది కాబట్టి మొదట గట్టి బలం కావాలి. ఒక్కసారి కదలగానే నట్టు తీసేసి మిగతాది తిప్పండి.

2. నేల మీద పాత గుడ్డ పరవండి. ఎడమవైపు లాక్‌నట్టు, కోను విప్పండి. కోనుకి పల్చటి కోన్ స్పానర్ కావాలి. వెనక కోన్లకి ఎక్కువగా 15, లాక్‌నట్లకి 17 మిల్లీమీటర్ల సైజు పడుతుంది. కుడివైపు కోనుని కదిలించకుండా ఇరుసుని కుడివైపుకి లాగితే గోళీలు గుడ్డ మీద రాలతాయి.

3. అన్నిటినీ కిరోసిన్‌తో కడిగి తుడవండి. పాత గ్రీజు తెల్లగా పాలలా ఉందా? లోపలికి నీళ్లు చేరాయి. ఎర్రగా ఉందా? తుప్పు మొదలైంది.

4. కోన్ల మీద గోళీలు నడిచిన దారి చూడండి. నున్నగా మెరిసే గీత ఉంటే పరవాలేదు. గోరుతో గీస్తే గుంటలు తగిలితే ఆ కోను మార్చాలి. అవే గుంటలు హబ్ లోపలి కప్పుల్లో ఉంటే కష్టం. చాలా చవక హబ్‌లలో ఆ కప్పులు విడిగా దొరకవు, మారవు. గ్రీజు వేసి కొన్నాళ్లు నడపవచ్చు కానీ కొత్త చక్రానికి డబ్బు పోగెయ్యడం మొదలుపెట్టండి.

5. గోళీలు కొత్తవి వెయ్యండి. అవి చవక. వెనక హబ్‌కి సాధారణంగా పావు అంగుళం గోళీలు, ఒక్కో వైపు 9. కొనేముందు పాత గోళీని దుకాణానికి తీసుకెళ్లి సైజు పోల్చుకోండి. పాతవీ కొత్తవీ కలపకండి. కొన్నిటి మీదే భారం పడి అవి ముందు పోతాయి. మీ హబ్‌లో గోళీలు రేకు గూటిలో ఇరికించి ఉంటే, ఆ గూడు తీసేసి విడి గోళీలు వేసుకోవచ్చు. గూటిలో పట్టేవి తక్కువ. విడిగా వేస్తే ఎక్కువ గోళీలు భారం పంచుకుంటాయి.

6. కప్పుల నిండా గ్రీజు పెట్టి, గోళీలు పేర్చి, ఇరుసు దూర్చండి. ఎడమ కోనుని చేత్తో తిప్పుతూ గోళీలకి తగిలాక కాస్త వెనక్కి తిప్పండి. కోనుని కదలనివ్వకుండా పట్టుకుని లాక్‌నట్టు బిగించండి.

7. ఇప్పుడు బిగువు చూడాలి. నట్ల ఇరుసు అయితే లూజూ ఉండకూడదు, పట్టడమూ ఉండకూడదు. క్విక్ రిలీజ్ అయితే చక్రం బయట ఉన్నప్పుడు అతి కొద్ది లూజు వదలాలి. లివర్ మూసినప్పుడు ఇరుసు కొంచెం నొక్కుకుని ఆ లూజు తనంతట పోతుంది. ఈ చిన్న విషయం పట్టించుకోక బేరింగుల్ని అరగదీసుకునేవారు చాలామంది.

8. ఫ్రీవీల్ మరలకి గ్రీజు రాసి, మొదట చేత్తోనే ఎక్కించండి. మర సన్నది, అడ్డంగా ఎక్కితే హబ్ పాడవుతుంది. గ్రీజు లేకుండా ఎక్కించిన ఫ్రీవీల్ మరుసటేడు ఊడి రాదు.

మొదటిసారి ఒక పూట పడుతుంది. రెండోసారి సగం సమయం చాలు. చేతులకి గ్రీజు అంటుకుంటే అంటుకోనివ్వండి, మీ సైకిల్ లోపల ఏముందో మీ కళ్లతో మీరు చూస్తారు.

పెడల్ జారుతోందా? తప్పు ఎక్కడుందో తేల్చండి

వానలు పడ్డ నాటి నుంచి ఒకాయన సైకిల్ పెడల్ జారుతోందనుకుందాం. ముందు చైన్ మార్పించారు. తగ్గలేదు. తరువాత పళ్ల చక్రాలు మార్పించారు. అయినా జారుతూనే ఉంది. డబ్బు పోయింది, జబ్బు పోలేదు. ఇందులో పొరపాటు ఎక్కడ జరిగింది? పరీక్ష చెయ్యకుండా భాగాలు మార్చడంలో.

చైన్ జారడం వేరు, హబ్ జారడం వేరు. ఒకటి రెండు గేర్లలో మాత్రమే జారుతూ చైన్ పళ్ల మీది నుంచి ఎగిరి పడుతుంటే తప్పు చైన్‌దో పళ్లదో. ఏ గేర్లోనైనా జారుతూ, చైన్ పళ్ల మీదే కూర్చుని ఉన్నా పళ్ల చక్రాలు మాత్రం ముందుకి తిరిగిపోయి సైకిల్ చక్రం నిలబడిపోతే తప్పు లోపలి యంత్రాంగానిది. ఆ యంత్రాంగంలో స్ప్రింగుల మీద నిలిచే చిన్న కొక్కేలుంటాయి. వాటిని పాల్స్ అంటారు. తొక్కినప్పుడు అవి లేచి లోపలి పళ్లని పట్టుకుంటాయి, తొక్కడం ఆపితే వాటి మీద జారుతూ టిక్ టిక్ చప్పుడు చేస్తాయి. లోపలి పళ్లు 16 ఉంటే ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి 22.5 డిగ్రీల దూరం, 36 ఉంటే 10 డిగ్రీలు. చవక హబ్‌లలో కొక్కేలు తరచూ రెండే. ఒకటి బురదకి అతుక్కుపోతే మొత్తం భారం రెండోదాని మీద పడుతుంది. దాని కొస చిట్లితే పట్టు పూర్తిగా పోతుంది.

అప్పుడు ఏం చెయ్యాలి? ముందు సైకిల్ మీద నిలబడి తొక్కడం మానండి. చక్రం విప్పి, ఫ్రీవీల్ వెనక సందులోంచి పల్చటి నూనె పోస్తూ తిప్పండి. మురికి కారిపోయి టిక్ టిక్ స్పష్టంగా వినిపిస్తే తాత్కాలికంగా గండం గడిచినట్టే. మళ్లీ జారితే ఫ్రీవీల్ మార్చండి. హబ్‌ని ముట్టుకోకుండా ఫ్రీవీల్ ఒక్కటే మార్చుకోవచ్చు, ఈ పాత అమరికలో ఉన్న సౌకర్యం అది. క్యాసెట్ హబ్ అయితే ఫ్రీహబ్ బాడీ మార్చాలి. చాలా షిమానో హబ్‌లలో ఇరుసు తీశాక 10 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో అది ఊడి వస్తుంది. కొత్తది మీ హబ్ మోడల్‌కి సరిపోయేదో కాదో చూసుకునే కొనండి.

చాలామంది చేసే తప్పులు

1. మోటారు బండ్ల వాటర్ సర్వీసింగ్‌లో సైకిల్ కడిగించడం. ప్రెషర్ నీటి ధార హబ్ సీలుని దాటి లోపలికి పోతుంది. బకెట్టు నీళ్లు, గుడ్డ చాలు.

2. గరగర వినగానే తుప్పు వదిలించే స్ప్రే హబ్‌లోకి కొట్టడం. చప్పుడు ఒక రోజు తగ్గుతుంది, ఎందుకంటే అది మిగిలిన గ్రీజుని కరిగించి బయటికి పంపేసింది. మరుసటి వారం గోళీలు ఒట్టి ఉక్కు మీద తిరుగుతాయి.

3. బేరింగులకి వేసే చిక్కటి గ్రీజునే పాల్స్ మీద కూరడం. కొక్కేలు అతుక్కుపోయి లేవవు. అక్కడికి పల్చటి నూనె, లేదా పలుచని గ్రీజు.

4. లూజు కనిపించగానే బయటి నట్లు బిగించడం. ఆ నట్లు చక్రాన్ని ఫ్రేమ్‌కి పట్టిస్తాయి. లోపలి లూజుని సరిచెయ్యాల్సింది కోన్లు. షాపులో బయటి నట్లు మాత్రమే బిగిస్తుంటే, కోన్లు చూడమని గట్టిగా అడగండి.

5. లూజుతోనే నెలల తరబడి తొక్కడం. కోను మార్పుతో పోయేది, కప్పులు గుంటలు పడి చక్రం మార్పు దాకా వస్తుంది.

6. వెనక క్యారియర్ బిగించి దాని మీద మనిషిని ఎక్కించుకోవడం. ఫ్రీవీల్ హబ్ ఇరుసుకి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

తొక్కే తీరులో చిన్న మార్పులు

ఎత్తు మొదలయ్యాక, కాళ్ల మీద భారం పడ్డాక గేర్ మార్చకండి. ముందే తేలిక గేర్‌కి వచ్చి, కూర్చుని వేగంగా తొక్కండి. విశాఖ కైలాసగిరి రోడ్డు ఎక్కుతున్నా, ఊరి చెరువు గట్టు ఎక్కుతున్నా ఇదే పద్ధతి. నిలబడి ఒక్కో పెడల్‌ని తొక్కినప్పుడు చైన్ మీద పడే లాగుడు కూర్చుని తొక్కినప్పటి కన్నా చాలా ఎక్కువ.

గుంత గానీ స్పీడ్ బ్రేకర్ గానీ వస్తే సీటు మీంచి కాస్త లేచి, మోకాళ్లు, మోచేతులు వంచి దాటండి. దెబ్బలో కొంత మీ కాళ్లు తీసుకుంటాయి, ఇరుసుకి తక్కువ చేరుతుంది. టైర్లలో గాలి మరీ తగ్గనివ్వకండి.

ఎగిరి దూకడం సంగతేమిటి? సైకిల్‌తో వచ్చిన పుస్తకంలో గానీ ఫ్రేమ్ మీది స్టిక్కర్‌లో గానీ వాడకం తరగతి ఉందేమో చూడండి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2043 సైకిళ్లని వాడకాన్ని బట్టి తరగతులుగా విడదీస్తుంది. 2వ తరగతి సైకిల్ మట్టి, కంకర దారులకి. దానితో 15 సెంటీమీటర్లకి మించి దూకకూడదు. 3వ తరగతికి ఆ హద్దు 61 సెంటీమీటర్లు. లావు టైర్లు, ముందు సస్పెన్షన్ ఉన్నంత మాత్రాన సైకిల్ 3వ తరగతి అయిపోదు. ఫ్రీవీల్ హబ్ ఉన్న సైకిల్‌తో మెట్ల మీంచి దూకే సరదా పెట్టుకోకండి.

బాగు చేయించాలా, చక్రమే మార్చాలా?

ఇరుసు, కోన్లు, గోళీలు కలిపినా ఖర్చు వందల్లోనే. ఫ్రీవీల్ కాస్త ఎక్కువ. మంచి క్యాసెట్ హబ్‌తో కట్టిన చక్రం మాత్రం వేలల్లో. కాబట్టి ఇలా ఆలోచించండి. ఇరుసు మొదటిసారి వంగింది, కప్పులు నున్నగా ఉన్నాయి. అయితే ఇరుసు మార్చి నడపండి. ఫ్రేమ్ తిన్నగానే ఉన్నా ఇరుసు మళ్లీ వంగింది, లేదా కప్పుల్లో గుంటలు పడ్డాయి, లేదా కుడివైపు స్పోకులు ఒకదాని తరువాత ఒకటి తెగుతున్నాయి. అయితే ఆ హబ్ మీద ఇక ఖర్చు పెట్టకండి. మీ బరువు ఎక్కువైతే, లేదా ప్రతివారం రాళ్ల దారుల్లో తిరిగే అలవాటుంటే, క్యాసెట్ చక్రానికి ముందుగానే మారడం లాభం.

మారితే గేర్ల సామగ్రి అంతా మార్చాలేమోనన్న భయం అక్కర్లేదు. 7 గేర్ల షిఫ్టర్ ఉంచేసి 7 చక్రాల క్యాసెట్ వేసుకోవచ్చు. హబ్ మీది ఫ్రీహబ్ 8, 9, 10 గేర్ల రకం అయితే క్యాసెట్ వెనక 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే సరిపోతుంది. ఎనిమిదో గేర్ కావాలని తరువాత అనిపిస్తే ఆ స్పేసర్ తీస్తే చోటు సిద్ధం.

కొత్త చక్రానికి డబ్బు కట్టే ముందు షాపులో ఈ నాలుగూ తేల్చుకోండి.

1. మీ ఫ్రేమ్ వెనక చీలికల మధ్య దూరం ఎంత? మౌంటెన్ బైకుల్లో ఎక్కువగా 135 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిపించండి. ఇరుసు మామూలుదా, ఫ్రేమ్ రంధ్రాల్లోంచి దూర్చే 12 మిల్లీమీటర్ల థ్రూ యాక్సిలా అన్నదీ చూడండి.

2. మీ బ్రేకు రింగుని పట్టేదా, డిస్కా? డిస్క్ అయితే కొత్త హబ్‌కి దాన్ని బిగించే చోటు ఉండాలి, బోల్టుల అమరిక మీ డిస్క్‌తో కలవాలి.

3. హబ్ మీద రబ్బరు సీళ్లు ఉన్నాయా? చేత్తో ఇరుసు తిప్పి, మెత్తగా తిరుగుతోందో లేదో అక్కడే చూడండి. కొత్త హబ్‌లలో కూడా కోన్లు అతిగా బిగించినవి, గ్రీజు సరిగ్గా లేనివి వస్తుంటాయి. అలా ఉంటే బిగువు సరిచేయించుకుని, గ్రీజు వేయించుకున్నాకే ఇంటికి తీసుకెళ్లండి.

4. ఆ హబ్‌కి ఇరుసు, కోన్లు, ఫ్రీహబ్ బాడీ విడిగా దొరుకుతాయా? దొరకవంటే ఇంకో మోడల్ చూపించమనండి. దొరుకుతాయంటే ఒక జత కోన్లు, 18 గోళీలు అదే బిల్లులో వేయించుకోండి, వానలు తగ్గాక గ్రీజు మార్చేటప్పుడు అవసరమవుతాయి.